మూడు దోసిళ్ల నీళ్లు

దేశంలోకి ఏ నెలలో ఎందరు విదేశీ యాత్రికులు దిగారో లెక్క తేల్చడం మైలపిల్లి పోలేశ్వరి ఉద్యోగం. డిసెంబరులో కుప్పలుతెప్పలుగా దిగుతారు. ఫిబ్రవరి దాకా ఆ జోరు ఉంటుంది. ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కరే జారుకుంటారు, జూన్ వచ్చేసరికి గ్రాఫు మీద గీత గోతిలో పడుతుంది. విశాఖలోని యాత్రిక గణాంక కేంద్రంలో దానికి ‘జూన్ గొయ్యి’ అని పేరు. ఏటా జూలై మొదటి వారంలో పైనుంచి అక్షింతలు పడేవి, ఈ ఆఫీసువాళ్లే విమానాలకు అడ్డంపడి జనాన్ని వెనక్కి పంపేసినట్టు. ఎండకు జడిసి రానివాణ్ణి లెక్కలు రాసేవాళ్లేం చేస్తారు? తిట్టినంతసేపూ తలవంచుకుని, ఆనక మళ్లీ అంకెల్లో తలదూర్చడం వాళ్లకు అలవాటైపోయింది.

పోలేశ్వరి పై అంకె చూసి వదిలేసే మనిషి కాదు. వల లాగాక పెద్ద చేపలు అందరికీ కనిపిస్తాయి, అడుగున అంటుకున్న నాచు చూసినవాడికే రేపు వల ఎక్కడ వెయ్యాలో తెలుస్తుందని ఆమె తండ్రి ఎర్రయ్య అనేవాడు. ఆయన పోయి పదేళ్లయింది. ఆ చూపు మాత్రం కూతురికి మిగిలింది.

ఒక నవంబరు లెక్క సరిచూస్తుంటే ముప్ఫయి నాలుగు రాక చీటీలు ఆ చూపుకు తగులుకున్నాయి. విమానం దిగిన ప్రతి విదేశీయుడూ నింపి ఇచ్చే కాగితమే రాక చీటీ. లక్షల చీటీల్లో ముప్ఫయి నాలుగు ఏపాటి? కానీ ఆ ముప్ఫయి నలుగురూ కిందటి డిసెంబరులో వచ్చి వెళ్లినవాళ్లే. ఆ ఏడే జనవరిలో వచ్చినవాళ్లూ వాళ్లే. ఇంకా వెనక్కి తవ్వితే ఫిబ్రవరి, ఇంకా వెనక్కి వెళ్తే మార్చి. ప్రతిసారీ సరిగ్గా పదకొండో నెలలో, ఒక్కరు తప్పకుండా వచ్చారు. మొదటిసారి మార్చిలో వచ్చింది ఒడ్డున తాబేళ్ల గుడ్లు కాపాడే శిబిరానికి. మరి తాబేలు జాడ కూడా లేని నవంబరులో ఏ గుడ్లు కాపాడదామని వచ్చినట్టు?

బస ఎక్కడన్న గడిలో అందరూ ఒకే పేరు రాశారు. చెలమపాలెం. అది పోలేశ్వరి పుట్టిన ఊరు.

ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్లింది. తల్లి గురమ్మ గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుంది. సంగతంతా విని పకపకా నవ్వింది.

“మన చెలమ నీరు తాగినోడు రాకుండా ఉంటాడేటే? అంతంత లెక్కలు సదివినావు, ఈ మాత్రం తెల్దేటి? ఆల్లలో ఒక దొరోడు కూతురు పెళ్లి ఒగ్గీసి వొచ్చీసినాడు. ఎందుకొచ్చినావు బాబూ అంటే ఏడుత్తాడు గానీ సెప్పలేడు.”

చెలమ అంటే సముద్రానికి నూరడుగుల దూరంలో, ఇసకలో మోకాలి లోతు గుంట. ఎదురుగా అంత సముద్రం ఉప్పుకషాయమై ఉంటే ఈ గుంటలో నీళ్లు తియ్యగా ఊరేవి. పాలెంలో కొత్త కోడలు గడప తొక్కగానే ఇంటి పెద్దావిడ ఆమె దోసిట్లో మూడుసార్లు ఆ నీళ్లు పోసి తాగించేది, కన్నవారింటి మీద బెంగ పెట్టుకోకుండా. పడవల మీద పనికి గుజరాత్ తీరాన ఉన్న వెరావల్ వెళ్లే మగవాళ్లకు కూడా బయల్దేరే ముందు మూడు దోసిళ్లు. ఎంత సంపాదన ఉన్నా, ఎంత గాలివాన ఉన్నా పదకొండో నెలకల్లా మనిషి ఇంట్లో ఉండేవాడు. తుపానుకు చెలమలో ఉప్పు కలిసిన రోజుల్లో వచ్చే కోడళ్ల కోసం ప్రతి ఇంట్లో ఒక కుండలో ఆ నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి ఉట్టి మీద పెట్టేవారు.

“కుండలో ఉంటే ఆ నీరు నిద్దరోద్ది,” అంది గురమ్మ. “నోట్లో పడితే లెగుస్తాది. నాకు మా అత్త పోసింది ఏడాది కిందట కుండలోదే. మళ్లా కన్నోరింటికి ఎల్లాలని ఒక్కనాడైనా అనిపించినాదేటి నాకు?”

పోలేశ్వరి నవ్వింది. నవ్వి ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. మర్నాడు పొద్దున్నే ఒక సీసాడు చెలమ నీళ్లు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. ఇంటిగుట్టు లంకకు చేటని చిన్నప్పుడు బళ్లో వల్లెవేసిన పిల్లే, ఆ మాట తనకు కూడా వర్తిస్తుందని ఆ రోజు తోచలేదు.

కేంద్రానికి డైరెక్టరు డాక్టర్ చక్రధరం. సూక్ష్మజీవుల మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్న మనిషి. అంకెల ఆఫీసుకు పెద్దగా వచ్చినా చెయ్యి ఊరుకోక, మేడ మీద రెండు గదులు ప్రయోగశాలగా మార్చుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డా నలగని చొక్కా, చెరగని క్రాపు. తన సీసా నీళ్లు తప్ప బయట గుక్కెడు మంచినీళ్లు ముట్టడు. ముప్ఫయి నాలుగు చీటీలూ చూసి, కథంతా విని, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని ఆ సీసా అందుకున్నాడు.

ఏడాదిన్నరలో దాని గుట్టు పట్టేశాడు. ఆ నీళ్లలో ఒక క్రిమి ఉంది. తాగినవాడి పేగుల్లో కాపురం పెట్టి పది నెలలు కిక్కురుమనకుండా ఉంటుంది. పదకొండో నెలలో దానికి ఆ నీటి సారం కరువై ఒక రసం వదులుతుంది. ఆ రసం నెత్తురులో కలిసి మెదడుకు ఎక్కితే మనిషికి జ్వరం రాదు, నొప్పి ఉండదు. బెంగ పుడుతుంది. ఆ నీళ్లు ఎక్కడివో ఆ చోటి మీద బెంగ. వెళ్లి మళ్లీ తాగితే తీరిపోతుంది, ఇంకో పది నెలలు నిశ్చింత.

ఎలుకల్ని ఒక పెద్ద పెట్టెలో ఉంచి, ఒక మూల మాత్రం చెలమ నీళ్లు పెట్టారు. పదకొండో నెలలో ఎక్కడ వదిలినా అవి దారి వెతుక్కుని ఆ మూలకే వచ్చాయి. ఒకసారి చక్రధరం ఆ మూలకు రేకు వేయించి మూసేశాడు. ఎలుకలు గోళ్లు ఊడేదాకా ఆ రేకును గీరాయి. పడుచువి నెలా రెండు నెలలు నీరసపడి తేరుకున్నాయి. ముసలివి మేత మానేసి, రేకు వైపే ముఖం పెట్టుకుని ఒక్కొక్కటీ చచ్చిపోయాయి. పోలేశ్వరి ఆ చావుల్ని రోజువారీగా పట్టిక వేసి నివేదికలో చేర్చింది. వారం తర్వాత చూస్తే నివేదికలో ఆ పేజీ లేదు.

ఆ రోజుల్లోనే తల్లి అన్న మాట నిజమో కాదో చూడాలనిపించింది ఆమెకు. ఇంట్లో ఉట్టి మీది కుండలోంచి కాసిని నీళ్లు తెచ్చింది. క్రిమి బతికుందో లేదో చెప్పడానికి చక్రధరం చేతిలో ఇమిడే పరికరం ఒకటి తయారుచేసి ఉన్నాడు. బతికుంటే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. కుండ నీళ్లకు పచ్చదీపం వెలిగింది. అదే నీళ్లు ఎలుకకు తాగించి నాలుగో రోజు చూస్తే ఎలుక కడుపులో క్రిములు కిటకిటలాడుతున్నాయి. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కుండలో నిద్ర, కడుపులో మెలకువ. సంబరంగా చెప్పబోతే చక్రధరం గుమ్మంలోనే ఆపేశాడు.

“చూడు పోలేశ్వరీ, నువ్వు లెక్కల మనిషివి. నీ హద్దు కింద గది. మేడ మీదకి ఇక రాకు. కుండలు, ఉట్లు, మీ అమ్మ కబుర్లు సైన్సు కాదు.”

ఆమె కిందికి దిగిపోయింది. ఆ రోజు ఆయన ఒక్క నిమిషం విని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

ఆ వచ్చే చలికాలం నుంచి విమానం దిగిన ప్రతి విదేశీయుడికీ ‘స్వాగత పానీయం’ ఇవ్వడం మొదలైంది. చిన్న మట్టి ముంత, పైన నిమ్మాకు, లోపల చల్లటి తియ్యటి నీళ్లు. హోటళ్లలో అదే, రైళ్లలో అదే. చెలమ క్రిమిని స్టీలు ట్యాంకుల్లో వేగంగా పెరిగేలా మార్చి చక్రధరం తయారుచేసిన నీళ్లవి. తాగి వెళ్లినవాళ్లు పదకొండో నెలలో తిరిగి వచ్చారు. మళ్లీ తాగారు, మళ్లీ వచ్చారు. నెలనెలా గీత లేస్తూనే ఉంది. జనం పదకొండేసి నెలలకు వస్తూంటే ఏ కాలమైనా ఒకటే కాబట్టి నాలుగో ఏటికి జూన్ గొయ్యి పూర్తిగా పూడిపోయింది. నలభై అయిదు డిగ్రీల ఎండలో గొడుగులు పట్టుకుని తిరిగే దొరల్ని చూసి, ఏం ఆకర్షణండీ మన దేశానిది అని పత్రికలు పొంగిపోయాయి.

పోలేశ్వరికి మాత్రం ఆ గీత చూస్తే తిన్నది ఒంటబట్టేది కాదు. చీటీల్లో ఒక ముసలి బడిపంతులమ్మ పేరు అయిదోసారి కనిపించింది. మొదటి చీటీలో సొంత ఇంటి చిరునామా ఉంది. మూడోదానిలో అద్దె గది. అయిదోదానిలో ఆ గడి ఖాళీ.

చక్రధరానికి మెడ నిండా దండలు పడ్డాయి. ఇక చెలమపాలెం వంతు వచ్చింది. అసలు నీళ్లు అక్కడ ఇసకలో ఎవడికి పడితే వాడికి ఊరుతున్నాయి, రేపు ఇంకో దేశంవాడు వచ్చి సీసాడు పట్టుకెళ్తే? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఊరు ఖాళీ చేయించి అక్కడ రిసార్టు కట్టాలని సలహా ఇచ్చింది ఆయనే. ఒక మే నెలలో నూట పన్నెండు కుటుంబాలనీ లారీల్లో ఎక్కించి అరవై కిలోమీటర్ల లోపలికి, కొండ కింద కొత్త కాలనీకి తోలారు. చెలమలో కాంక్రీటు పోసి, దాని మీద నీలం పలకలతో ఈతకొలను కట్టారు. పోలేశ్వరి కాళ్లావేళ్లా పడింది. ఎవరూ వినలేదు.

ఆ మరుసటి ఏప్రిల్‌కు పదకొండో నెల నిండింది. కాలనీలో ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తూర్పుగోడ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. అరవై కిలోమీటర్ల అవతల ఉన్న సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చునేవాళ్లు. పిలిస్తే పలికేవాళ్లు, కంచం పెడితే కెలికేవాళ్లు. చూపు మాత్రం గోడ మీదే. పడుచువాళ్లు చిక్కి మెల్లగా తేరుకున్నారు. అయిదో తరగతి నుంచీ పట్నం హాస్టల్లో పెరిగిన పోలేశ్వరికి పంటినొప్పిలా లోపల ఒక సలుపు, అంతే. ఆగస్టు వచ్చేసరికి ముసలివాళ్లలో ఏడుగురు పోయారు. గురమ్మ రెండు ఇడ్లీలు తినడానికి గంట తీసుకునేది.

పోలేశ్వరి దొంగతనానికి కూడా దిగింది. మేడ మీద ట్యాంకులోంచి ఒక సీసా దాచి తెచ్చి తల్లికి తాగించింది. గురమ్మ కడుపు అదిరిపోయేలా వాంతి చేసుకుంది.

“ఇది మన నీరు కాదే గుంటా,” అంది రొప్పుతూ. “దీనికి మనూరు తెల్దు.”

మర్నాడు పోలేశ్వరి చక్రధరం గదిలోకి అనుమతి అడక్కుండా వెళ్లింది.

“సార్, ఆ కొలను ఒక మూల పగలగొట్టించండి. చెలమ మళ్లీ ఊరుతుంది. మావాళ్లు చచ్చిపోతున్నారు.”

“ముసలివాళ్లు పోవడం ఎక్కడైనా ఉన్నదే కదమ్మా. కొత్త చోటు, కాస్త బెంగ. అలవాటు అవుతుంది.”

“ఎలుకలకి అలవాటు కాలేదు సార్.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని తీరిగ్గా మళ్లీ పెట్టుకున్నాడు. “ఏ ఎలుకలు?” అన్నాడు.

పోలేశ్వరి తనకు ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. ఆ క్షణం నుంచి ఆమె న్యాయం అడగడం మానేసింది. ఆమెకు ఇక కావలసింది వేరే.

కాలనీవాళ్లు పెట్టుకున్న అర్జీ మీద ఒక విశ్రాంత న్యాయమూర్తిని విచారణకు వేశారు. చెలమ నీళ్లలో ప్రత్యేకత ఏమీ లేదు, అవి ఒట్టి ఊటనీళ్లు, బెంగతో చావు అన్నది పామరుల భ్రమ అని చక్రధరం ముందే రాసి ఇచ్చాడు. అలా కాదంటే స్వాగత పానీయం గుట్టు బయటపడుతుంది. అది బయటపడితే ప్రపంచమంతా నెత్తిన దుమ్ము పోస్తుంది.

విచారణకు నాలుగు రోజుల ముందు పోలేశ్వరి కాలనీకి వచ్చి ఉట్టి మీద కుండ దింపింది. లారీల్లో వచ్చేటప్పుడు అందరి కుండలూ పగిలిపోయాయి. గురమ్మ ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఈ ఒక్కటే మిగిలింది. అందులో కూడా ఆవిరైపోయింది పోగా అడుగున కొంచెం ఉంది. కొలిచి చూస్తే మూడు దోసిళ్లు. ఇన్నాళ్లూ పోలేశ్వరి తాగమని ఎన్నిసార్లు బతిమాలినా గురమ్మ ఒప్పుకోలేదు. అది కోడళ్ల కుండ, ఇంట్లో ఉన్నోళ్లు ముట్టకూడదు, కొత్తగా ఇంటికొచ్చినోళ్లకే పొయ్యాలి అనేది.

“అమ్మా, ఇవాళ నీ మాట వినను. నోరు తెరు.”

గురమ్మ గ్లాసును చేత్తో అడ్డుకుంది. “ఇది తాగితే నాకెన్నాళ్లే?”

“పదకొండు నెలలు.”

“ఆనక?”

ఆనక ఏముంది? చెలమ మీద కాంక్రీటు ఉంది.

“ఆనక మళ్లా ఆ గోడ కాడే కూకోవాల,” అంది గురమ్మ. “ఒకసారి సచ్చేది రెండుసార్లు సావనేటి? ఒలే పోలీ, ఆడు మన నీరు ఎప్పుడైనా తాగినాడేటి?”

“ఎవరు?”

“ఆడేనే, మీ పెద్దాయన.”

పోలేశ్వరి తల్లి కళ్లలోకి చూసింది. నాలుగు నెలలుగా గోడ మీద ఉన్న చూపు ఇవాళ సూటిగా తన మీద ఉంది.

“లేదమ్మా. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోను కూడా లేదు.”

“అయితే ఆడికి పొయ్యి.”

“నువ్వు బతుకుతావే అమ్మా! ఏడాదైనా…”

“నా మొగుడు తిరిగిన ఒడ్డు అది. నాను కాపురం సేసిన ఊరు. ఏడుగురు పోనారు నా కళ్ల ముందే. ఆడు దండలేయించుకుని తిరగతన్నాడు. ఆడి ఒంట్లో మన నీరు పడాల. ఆడికి మన ఊరు కావాలనిపించాల. అప్పుడు తెలుస్తాది ఆడికి, ఏం కప్పెట్టినాడో.” ఆయాసంతో ఆగి, మెల్లగా మళ్లీ అంది. “నా సేతుల్తోనే పోస్తాను. ఆచారం పెకారం.”

గ్లాసు ఇంకా పోలేశ్వరి చేతిలోనే ఉంది. తల్లి గొంతులో బలవంతంగా పొయ్యగలదు. అంత నీరసంగా ఉంది ఆ మనిషి. చెయ్యి ఒకసారి లేచింది కూడా. చివరికి నీళ్లు కుండలోనే పోసి, మూతికి గుడ్డ కట్టింది.

విచారణ రోజున కలెక్టరాఫీసు హాలు నిండిపోయింది. ముందు వరసలో విలేకరులు ఉన్నారు. చక్రధరం అరగంట మాట్లాడాడు. మాట మెత్తన, చేతివేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి వినయంగా మాట్లాడాడు. ఆయన ముగించగానే పోలేశ్వరి లేచింది.

“అయ్యా, మా ఊరి చెలమ నీళ్లు కొంచెం మిగిలాయి. వాటిలో ఏమీ లేదని సారు అంటున్నారు. ఏమీ లేకపోతే అందరి ముందూ తాగి చూపించమనండి. తాగితే మా అర్జీ మేమే వెనక్కి తీసుకుంటాం.”

హాలంతా గుసగుసలు లేచాయి. న్యాయమూర్తి చక్రధరం వైపు చూశాడు. ఆయన ముఖంలో ఒక్క క్షణం రంగు మారింది. మళ్లీ నవ్వాడు. జేబులోంచి ఆ చిన్న పరికరం తీశాడు.

“తాగడానికేం అభ్యంతరం? కాకపోతే ఏం కలిపారో చూసుకోవాలి కదండీ. ఇది నీటి పరీక్ష చేసే యంత్రం.”

కుండలో దాని మొన ముంచాడు. పచ్చదీపం వెలిగింది. చక్రధరం భుజాలు సడలడం పోలేశ్వరికి స్పష్టంగా కనిపించింది. చచ్చిన నీళ్లు, ఏడాదికి పైగా కుండలో మగ్గిన నీళ్లు. పచ్చదీపమంటే క్రిమి చచ్చినట్టేనని ఆయన లెక్క. అది చావు కాదు నిద్రని చెప్పబోయిన రోజున ఆమెను గుమ్మంలో ఆపేసింది ఆయనే.

గురమ్మను ఇద్దరు పట్టుకుని లేవదీశారు. ఆమె కుండ తనే ఎత్తుకుంది.

“కొత్తగా మా ఊరొచ్చినోల్లకి ఇలగే పోస్తాం బాబూ. దోసిలి పట్టు.”

చక్రధరం విలేకరుల వైపు ఒకసారి చూసి, ఏదో పల్లెటూరి వేడుకలో పాల్గొంటున్న దొరబాబులా చిరునవ్వుతో దోసిలి పట్టాడు. గురమ్మ పోసింది. ఒక దోసిలి. రెండో దోసిలి. మూడోది పోసేటప్పుడు కుండ పూర్తిగా వంచి, ఆఖరి చుక్క పడేదాకా ఆగింది. ఆయన తాగి, జేబురుమాలుతో పెదాలు తుడుచుకుని, “చాలా తియ్యగా ఉన్నాయి” అన్నాడు. హాల్లో నవ్వులు, చప్పట్లు. సాయంత్రానికల్లా అర్జీ కొట్టేశారు.

బయటికి వస్తుంటే పాలెం ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఓడిపోయామనుకున్నారు వాళ్లు. గురమ్మ ఒక్కతే ఏడవలేదు. కూతురి భుజం మీద వాలి, మెట్లు దిగుతూ అంది.

“ఇంక ఆడు మనూరోడే.”

అక్టోబరులో ఒక ఉదయం గురమ్మ తూర్పుగోడకు ఆనుకునే పోయింది.

ఆ సెప్టెంబరులోనే చక్రధరానికి చలిదేశంలో ఒక ప్రపంచ సంస్థలో పెద్ద పదవి వచ్చింది. అక్కడే ఇల్లు తీసుకుని స్థిరపడిపోయాడు. ఇక్కడ ఆయన వెళ్లాక తెలిసింది, ట్యాంకుల్లో క్రిమికి ఏడాదికోసారి అసలు చెలమ నీళ్లు తగలకపోతే అది తరాలు గడిచేకొద్దీ నీరసించిపోతుందని. సంవత్సరం తిరగకుండానే స్వాగత పానీయం ఒట్టి తియ్యనీళ్లు అయిపోయింది. వచ్చేవాళ్లు ఆగిపోయారు. గీత మళ్లీ పాత దారి పట్టింది, జూన్ గొయ్యి మళ్లీ తెరుచుకుంది. తన మూలాన్ని తానే కప్పెట్టుకున్న మహానుభావుడు చలిదేశంలో ఉపన్యాసాలు ఇస్తున్నాడని పత్రికల్లో వచ్చేది.

విచారణ జరిగి పదకొండో నెల జూలై. రాక చీటీల్లో ఫలానా మనిషి కోసం వెతకకూడదన్నది కేంద్రంలో నియమం. పోలేశ్వరి వెతికింది, చక్రధరం చీటీ దొరికింది. నివాసం విదేశం కాబట్టి ఆయన కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చే యాత్రికుడే. కారణం అన్న గడిలో ‘అధికారిక పని’ అని ఉంది. ఆగస్టులో మళ్లీ వచ్చాడు, ‘విశ్రాంతి’ అని రాశాడు. సెప్టెంబరులో ‘ఆరోగ్యం’. తర్వాత నుంచి ఆ గడి ఖాళీగానే వచ్చేది. ఎన్ని నెలల పట్టిక తీసినా, పెరిగే అంకెలు పెరిగినా తరిగేవి తరిగినా, ఆ చలిదేశం వరసలో ఒకటి మాత్రం తప్పకుండా ఉండేది. ప్రతి నెలా ఆ ఒకటి చూసుకుంటే ఆమెకు అన్నం సహించేది. అది పాపమని ఎవరైనా అంటే అనుకోనీ.

మరుసటి జూన్‌లో తన సలుపు కూడా తట్టుకోలేక పోలేశ్వరి ఒక మధ్యాహ్నం చెలమపాలెం వెళ్లింది. రిసార్టు సగం మూతపడింది. కాపలావాడు కూడా లేడు. కొలనులో నీళ్లు తోడేశారు. నీలం పలకల మీద ఎండ కణకణలాడుతోంది. కొలను మధ్యలో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు అతుక్కుపోయింది. రెండు పలకలు ఊడదీశాడు, కింది కాంక్రీటును తాళంచెవితో గీరుతున్నాడు. గోళ్ల చుట్టూ నెత్తురు ఎండిపోయి ఉంది.

చప్పుడుకు తలెత్తాడు. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

“పోలేశ్వరీ,” అన్నాడు. ఆ గొంతులో పాత మెత్తదనం లేదు. “అది నిద్రపోతుందని నీకు తెలుసా? యంత్రంలో పచ్చదీపం… నీకు ముందే తెలుసా?”

“తెలుసు సార్. చెబుదామనే మేడెక్కాను. నా హద్దు కింద గది అన్నారు.”

ఆయన దానికి కోపం తెచ్చుకోలేదు. కోపానికి కావలసిన ఓపిక కూడా ఆ ఒంట్లో మిగిలినట్టు లేదు. “ట్యాంకు నీళ్లు తాగాను. పని చెయ్యలేదు. అన్నం దిగడం లేదు. అక్కడ కళ్లు మూస్తే ఈ ఒడ్డు కనిపిస్తుంది. పడవలు, గుడిసెలు, ఎండుచేపల వాసన… నేనెప్పుడూ ఆ గుడిసెల్లోకి అడుగు కూడా పెట్టలేదు. నాకు ఎందుకు కనిపించాలి?” దోసిలి పట్టాడు, విచారణ రోజున పట్టినట్టే. “ఇంకొంచెం ఉందా? ఒక్క దోసిలి. ఎవరింట్లోనైనా, ఏ కుండలోనైనా?”

“ఆఖరుది మూడు దోసిళ్లే ఉంది సార్. అది మా అమ్మ ప్రాణం. మీరు తాగేశారు.”

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. గేటు దాటేదాకా తాళంచెవి కాంక్రీటును గీరే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

జూలై మొదటి వారంలో జూన్ లెక్క తేల్చడానికి కూర్చుంది. చలిదేశం నుంచి ఆ నెల ఒక్క చీటీయే వచ్చింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఈసారి కారణం గడి ఖాళీగా లేదు. ‘సొంత ఊరికి’ అని రాసి ఉంది. ఊరి పేరు అన్నచోట, చెలమపాలెం.

కంప్యూటరు ఆ చీటీని తిప్పికొట్టింది. జాబితాలో అలాంటి ఊరు లేదు, సరిచేయండి అంది. ఊరు ఖాళీ చేయించిన ఏడే ఆ పేరు తీసేశారు.

పోలేశ్వరి ఊళ్ల జాబితా తెరిచి, చెలమపాలెం అని తన చేతులతో మళ్లీ చేర్చి, దాని ఎదురుగా ఒకటి వేసింది.